ఇవాళ తిన్నది

కొట్టు మీది గది,
ఆదివారం మధ్యాహ్నం.

ఒరేయ్ తిండిపోతా,

ఇవాళ తిన్నది: పొద్దున పాలలో ముంచిన రొట్టెముక్క. మధ్యాహ్నం సూప్ నాలుగు చెంచాలు, ఉడికిన బంగాళదుంపలో సగం. అంతే.

చూశావా, అమ్మ పెట్టిన రూలు నేనింకా తప్పలేదు. నువ్వు హాస్టల్లో చేరిన ఏడాది వారం వారం పేజీలు నింపి రాసేవాడివి. ఆటలు, స్నేహితులు, మాస్టర్ల మీద జోకులు, అన్నీ ఉండేవి. తీరా సెలవులకి దిగితే బట్టలు తగిలించిన చీపురుపుల్లలా ఉన్నావు. అక్కడి తిండి నోట పెట్టలేక మాడుతున్నావన్న ఒక్క ముక్క మాత్రం రాయలేదు. అప్పుడే కదా అమ్మ ప్రతి ఉత్తరంలోనూ మొదటి లైను తన కోసం అట్టేపెట్టుకుంది. "ముందు ఇవాళ ఏం తిన్నారో రాయండి. ఆ ఒక్క లైను నిజం రాయండి చాలు, కింద ఎన్ని కోతలైనా కోసుకోండి" అంది. అమ్మ పోయి ఇన్నేళ్లయినా మనం ఆ లైనులో అబద్ధం రాయలేదు. కింద కోతలు కోయడంలో మాత్రం ఒకరికొకరం తీసిపోలేదు.

పై లైను చూసి నువ్వెలాగూ నిలదీస్తావు కాబట్టి నేనే చెప్పేస్తున్నాను. కొన్ని నెలలుగా నాలుగు చెంచాలకే కడుపు నిండిపోతోంది. గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. ఒళ్లు కరిగిపోతుంటే గొంతులోంచి గొట్టం వేసి చూశారు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే ఏమీ లేదని వచ్చింది. హమ్మయ్య అనుకుని మళ్లీ పనిలో పడ్డాను. రెండోసారి ఇంకా లోతుగా తీసి చూస్తే అప్పుడు దొరికింది. క్యాన్సర్‌రా. కడుపుకి. అందులోనూ ఒకచోట గడ్డకట్టి కూర్చునే రకం కాదట. ఉంగరాల్లా కనిపించే కణాలు పైపొర కింద నుంచి గోడంతా పాకిపోతాయట. చాలా దూకుడు రకమట. మొదటిసారి పైపైన తీసిన ముక్కలో అందుకే కనిపించలేదు.

"మీ కడుపు తోలుసంచిలా బిరుసెక్కిపోయిందమ్మా" అంది డాక్టరమ్మ. అనేశాక నేను చేసే పని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. నాకు నవ్వొచ్చింది. ఇంతకాలం తోలుసంచులు కుట్టి కుట్టి లోపల కూడా ఒకటి తయారు చేసుకున్నాను.

ముందు కీమో, తర్వాత కడుపు మొత్తం తీసేయడం, మళ్లీ కీమో. ఇదీ వాళ్ల ఆలోచన. "కడుపు లేకుండా మనిషి ఉంటాడా?" అని అడిగాను. "ఉంటారు. పేగుని పైకి లాగి అన్నం దిగే గొట్టానికి కలిపి కుడతాం" అంది. ఏ కుట్టు వేస్తారని అడిగాను. ఆమె నా వంక అదోలా చూసింది.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు. కానీ మీ గనుల దగ్గర ఆఫీసు ఫోను చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉంటారు. నువ్వు బాగున్నానంటావు, నేను బాగున్నానంటాను, పెట్టేస్తాం.

భయంగా ఉందిరా. కింద కొట్టు మూసి పైకొచ్చాక ఈ గదిలో నేను తప్ప ఎవరూ లేరన్న సంగతి ఇన్నేళ్లలో పట్టించుకోలేదు. ఇప్పుడు తలుపు తీయగానే ముందు అదే కనిపిస్తోంది.

అక్క


గనుల క్యాంటీన్,
గురువారం.

అక్కా,

ఇవాళ తిన్నది: పొద్దున గుడ్లు మూడు, రొట్టెలు ఆరు. మధ్యాహ్నం అందరితోపాటు కడుపునిండా. నీ ఉత్తరం వచ్చాక ఏమీ లేదు.

పిండి కలిపే బల్ల మీద పెట్టి చదివాను. షిఫ్టు దిగినవాళ్లు కంచాలు పట్టుకుని వరసలో నిలబడి "ఏంటి మాస్టారూ, ఇవాళ వడ్డన లేదా?" అని కేకలేస్తున్నారు. నేను అలాగే నిలబడిపోయాను. తర్వాత కూరలో ఉప్పు రెండుసార్లు వేశానట. ఒక్కడూ ఏమీ అనలేదు. ఈ జనం ఉప్పు ఎక్కువైతే ఊరుకునే రకం కాదు, నా మొహం చూసి ఊరుకుని ఉంటారు.

నేను వస్తాను. నా బదులు వంట చేసేవాడు దొరకడమే కష్టం. దొరగ్గానే బయల్దేరతాను. నువ్వు కొట్టు కొన్నాళ్లు మూసెయ్.

డాక్టరమ్మ ఎన్నాళ్లంది? కుట్టు సంగతే అడిగినదానివి అది అడక్కుండా ఉండవు. నాకు చెప్పకుండా ఉండాలని మాత్రం చూడకు.

అన్నట్టు నా కత్తుల సంచి ఎప్పుడు కుడతావు? ఊరందరికీ కుట్టిపెడతావు, తమ్ముడికి మాత్రం ఏళ్ల తరబడి రేపూ మాపూ. నా కత్తులు ఇంకా గోనెగుడ్డలోనే కాపురం చేస్తున్నాయి. ఇప్పుడు ఇది అడగొచ్చో లేదో తెలియదు. ఏం రాయాలో తోచక అడుగుతున్నాను.

తమ్ముడు


కొట్టు మీది గది,
బుధవారం, వాన.

ఒరేయ్ తిండిపోతా,

ఇవాళ తిన్నది: గోరువెచ్చని పాలు అర గ్లాసు. అరటిపండులో సగం. సాయంత్రం తిన్నది నిలవలేదు, కాబట్టి రాయడం లేదు.

మొదటి కీమో అయింది. కుర్చీలో వెనక్కి వాల్చి కూర్చోబెట్టి చేతికి సీసా తగిలిస్తారు. చుట్టూ అలాంటి కుర్చీలే. ఒక్కొక్కరి పక్కన ఒక్కో మనిషి, నీళ్ల సీసా పట్టుకునో పత్రిక తిరగేస్తూనో. నా పక్క కుర్చీలో నా చేతిసంచి కూర్చుంది. మంచి కుట్టు, ఎవరైనా అడిగితే చెబుదామనుకున్నాను. ఎవరూ అడగలేదు.

ఈ మందుకో చిత్రమైన గుణం ఉంది. చల్లని వస్తువు ముట్టుకుంటే వేళ్లలో సూదులు దిగుతాయి. నిన్న పొద్దున కొట్టు తెరిచి, తోలుకి చిల్లు పొడిచే ఆరె చేతిలోకి తీసుకున్నాను. ఇన్నేళ్లుగా ఆ ఇనప ముక్క నా చేతికి ఆరో వేలు. కెవ్వుమని కింద పారేశాను. ఎదురుకొట్టు గడియారాల ఆయన పరిగెత్తుకొచ్చాడు. సంగతి విని, మారుమాట లేకుండా వెళ్లి తన పాత చేతితొడుగులు తెచ్చిచ్చాడు. ఇప్పుడు తొడుగులేసుకుని కుడుతున్నాను. కుట్లు తాగినవాడి నడకలా వస్తున్నాయి. నీ కత్తుల సంచి మొదలుపెట్టానులే. వంకర కుట్లయినా తమ్ముడైతే నోరు మూసుకుని పుచ్చుకుంటాడు.

నువ్వడిగింది అడిగాను. "కోత కుదిరితే, కీమో పని చేస్తే, ఏళ్ల తరబడి ఉన్నవాళ్లున్నారు" అంది డాక్టరమ్మ. ఇంకా ఏదో చెప్పబోయింది. ఉన్నవాళ్లున్నారన్న మాట చాలనుకుని లేచి వచ్చేశాను.

ఇక అసలు సంగతి. మీ ఇంట్లో ఇంకెవరికైనా కడుపు జబ్బు వచ్చిందా అని అడిగింది. అమ్మ కడుపులో పుండుతో పోయిందన్నాను. మావయ్య కూడా అలాగే, పిన్న వయసులోనే పోయాడన్నాను. ఆమె కలం పక్కన పెట్టేసింది. అది పుండు అయి ఉండదట. నా రక్తం పరీక్షకి పంపారు. నిన్న వచ్చింది. ఈ లోపం రక్తంలోనే ఉందిరా, అమ్మ వైపు నుంచి వచ్చింది. నీకూ వచ్చి ఉండటానికి సగానికి సగం అవకాశం ఉంది.

నువ్వు రక్తం ఇవ్వాలి. ఉందని తేలితే, కడుపు బాగున్నప్పుడే తీయించుకోమంటారు. ఏటేటా గొట్టం వేసి చూసుకుంటే సరిపోదా అన్నాను. "మీకు మొదటిసారి కనిపించిందా?" అంది.

అక్క


గనుల క్యాంటీన్,
సోమవారం.

అక్కా,

ఇవాళ తిన్నది: రొట్టెలు ఎనిమిది, మాంసం, పెద్ద గిన్నెడు సూప్, ఆఖర్న గిన్నె అడుగున మాడిన చెక్కు కూడా. కావాలనే తిన్నాను.

నాకేమీ లేదు. రాళ్లు మింగినా అరిగించుకునే కడుపు నాది. వంటవాడి కడుపు తీసేస్తే ఇక వాడు దేనికి పనికొస్తాడు? ముందుజాగ్రత్తగా నీ రెండు చేతులూ తీసేస్తాం, తర్వాత హాయిగా కుట్టుకో అంటే నువ్వు ఒప్పుకుంటావా? జబ్బు నీకొచ్చింది. ముందు దాని సంగతి చూద్దాం. మధ్యలో నన్ను లాగకు. ఆపరేషన్ ఎప్పుడో రాయి, వచ్చి నీ పక్కన కూర్చుంటాను. రక్తం గిక్తం అని మాత్రం మళ్లీ రాయకు.

కోపంగా రాశాను. చింపి ఇంకోటి రాద్దామనుకున్నాను కానీ ఎన్నిసార్లు రాసినా ఇదే వచ్చేట్టుంది. పంపేస్తున్నాను.

తమ్ముడు


కొట్టు మీది గది,
శనివారం.

ఒరేయ్,

ఇవాళ తిన్నది: సూప్ రెండు చెంచాలు. నీళ్లు.

సంచికి లైనింగ్ అతికించేటప్పుడు జిగురు ఒకచోట ఎక్కువ పడితే ఏమవుతుందో తెలుసా? గుడ్డ కింద నుంచి మెల్లగా పాకుతుంది. పైకి అంతా శుభ్రంగానే ఉంటుంది. చెయ్యి పెట్టి తడిమేసరికి తోలంతా అట్ట కట్టుకుపోయి ఉంటుంది. నీ కడుపు ఇవాళ ఎనిమిది రొట్టెలు అరిగించింది. పోయిన ఏడాది నాదీ అరిగించింది.

నువ్వు నా దగ్గరికి రానక్కర్లేదు. ఆపరేషన్‌కీ రావద్దు, తర్వాతా రావద్దు. నా పక్క కుర్చీ ఖాళీగా ఉన్నా నేనేమీ అనుకోను. ఆ సెలవేదో పెట్టి వెళ్లి రక్తం ఇవ్వు. రెండిట్లో ఒకటే దొరుకుతుందంటే నాకు అదే కావాలి. అమ్మ మంచం పట్టినప్పుడు నువ్వు చిన్నవాడివి, నిన్ను గదిలోకి రానివ్వలేదు. నేను చూశాను. చెంచా నోటిదాకా వచ్చి ఆగిపోయేది. అమ్మ దాన్ని చూసేది, నన్ను చూసేది, చెంచా కింద పెట్టేసేది. నా జబ్బు నేను పడతాను. నిన్ను అలా చూడటం మాత్రం నావల్ల కాదు.

రక్తం ఇచ్చేదాకా ఉత్తరం రాయకు.

అక్క


గనుల క్యాంటీన్,
శుక్రవారం.

అక్కా,

ఇవాళ తిన్నది: రొట్టెలు రెండు, టీ. ఆకలి లేదు.

ఇచ్చాను. బస్సెక్కి పట్నం వెళ్లి, చిన్న సీసాడు రక్తం ఇచ్చి, దూది నొక్కుకుంటూ బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నవ్వొచ్చింది. ఇంత పెద్ద గరిటె తిప్పేవాణ్ని, గనిలో పనిచేసే మొరటు మనుషులు నా ముందు కంచాలు పట్టుకుని నిలబడతారు, నువ్వు గుడ్లురిమితే మాత్రం ఇప్పటికీ చెప్పినట్టు చేసేస్తాను.

రిజల్టుకి వారాలు పడుతుందట. సంతోషమేనా? ఇక రాయనిస్తావా?

తమ్ముడు


ఆసుపత్రి, కిటికీ పక్క మంచం,
మంగళవారం.

ఒరేయ్ తిండిపోతా,

ఇవాళ తిన్నది: మధ్యాహ్నం దాకా ఏమీ ఇవ్వలేదు. తర్వాత చెంచాతో నీళ్లు.

సంతోషమేరా. నీ ఉత్తరం దిండు కింద పెట్టుకునే ఇక్కడికొచ్చాను.

పొట్ట తెరిచారు. అయిపోయింది. గాట్లు చిన్నవే, త్వరగానే ఇంటికి పంపేస్తారట. డాక్టరమ్మ వచ్చి మంచం మీదే కూర్చుని చాలాసేపు మాట్లాడింది. కీమో ఇంకా తీసుకోవాలంది.

ఇక్కడ సాయంత్రమయ్యేసరికి అందరివాళ్లూ వస్తారు. పక్క మంచం పెద్దావిడకి ముగ్గురు కూతుళ్లు. ఒకామె తల దువ్వుతుంది, ఒకామె కాళ్లు పడుతుంది, మూడో ఆమెకి చెయ్యడానికి ఏమీ మిగలక మిగతా ఇద్దరితో పోట్లాడుతుంది. "మీవాళ్లెవరూ రాలేదా?" అని నర్సు అడిగింది. వస్తున్నారన్నాను. కాసేపు తలుపు వైపు చూశాను కూడా, నా అబద్ధం నేనే నమ్మి.

రిజల్టు రాగానే రాయి.

అక్క


గనుల క్యాంటీన్,
ఆదివారం.

అక్కా,

ఇవాళ తిన్నది: కనపడినవన్నీ. గుడ్లు, చేప, వేపిన బంగాళదుంపలు, వేడి రొట్టె మీద వెన్న, బెల్లం ముక్క, ఇంకో బెల్లం ముక్క. నెమ్మదిగా కూర్చుని తిన్నాను.

నీ ఆపరేషన్ అయిపోయిందని చదివాక ప్రాణం లేచొచ్చింది. ఇక మెల్లమెల్లగా తినడం నేర్చుకో.

రిజల్టు ఇంకా రాలేదు. వాళ్ల మెషీను పాడైందట. నాకు రావాలనే ఉంది, బదులు మనిషి దొరకడం లేదు. దారిలో కొండచరియ విరిగి పడింది, టపా బండి సరిగ్గా రావడం లేదు. కొన్నాళ్లు ఉత్తరం ఆలస్యమైతే కంగారుపడకు.

తమ్ముడు


కొట్టు మీది గది,
సోమవారం, చలి.

ఒరేయ్ తిండిపోతా,

ఇవాళ తిన్నది: పాలు పావు గ్లాసు. రొట్టె మెత్తటి భాగం, బొటనవేలంత.

నీ ఉత్తరం రాక చాలా రోజులైంది. ఇది నీకు అందుతుందో లేదో కూడా తెలియదు, అయినా రాస్తున్నాను. రాయడానికి ఇంకెవరున్నారు?

గడియారాల ఆయన కీమోకి తోడు వస్తానన్నాడు. వద్దన్నాను. తర్వాత వచ్చుంటే బాగుండేదనుకున్నాను. ఆయన కొట్లో గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తాయి. ఎవరి టైము వాళ్లది అన్నట్టుంటుంది. ఈమధ్య పని ఆపి అద్దంలోంచి వాటినే చూస్తూ కూర్చుంటున్నాను. కత్తుల సంచికి మూడు గదులు కుట్టాను. ఇంకా కుట్టాల్సినవి ఉన్నాయి. వేళ్ల చివర స్పర్శ పోయింది, సూది ఎక్కడుందో కళ్లతో వెతుక్కోవాలి.

రావద్దని నేనే అన్నాను. ఒప్పుకుంటున్నాను. అయినా మెట్ల మీద చప్పుడైతే కుట్టు ఆపి వింటున్నాను. రావద్దంటే మాత్రం నిజంగానే రాకుండా ఉంటారట్రా ఎవరైనా?

అక్క


గనుల క్యాంటీన్,
బుధవారం.

అక్కా,

ఇవాళ తిన్నది: పొద్దున అర గుడ్డు, బాగా నమిలి. కాసేపాగి మిగతా సగం. మధ్యాహ్నం మెత్తటి రొట్టెముక్క, కొంచెం చేప. నీళ్లు తిండితో కాదు, తర్వాత విడిగా.

దారి బాగుచేశారు, నీ ఉత్తరం అందింది. నాకు చలిజ్వరం వచ్చి తగ్గింది. నోరు చేదుగా ఉంది, అంతే. రిజల్టు కూడా వచ్చింది. ఇక భయపడాల్సిందేమీ లేదన్నారు. కాబట్టి నా సంగతి వదిలెయ్.

నేను రాలేదని నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. కాస్త ఓపిక చిక్కగానే వస్తాను. జ్వరం మనిషిని పీల్చేసింది. నిన్న వంటశాలలోకి వెళితే అందరూ కుర్చీ తెచ్చి వేశారు. ఈ క్యాంటీన్‌లో కుర్చీ కూడా ఉందని నాకు నిన్ననే తెలిసింది.

తమ్ముడు


కొట్టు మీది గది,
ఆదివారం.

ఒరేయ్,

ఇవాళ తిన్నది: సూప్ రెండు చెంచాలు. పొద్దున ఒకటి, ఇప్పుడొకటి.

ఎప్పుడు తీయించుకున్నావురా?

జ్వరమొచ్చినవాడు నోరు చేదంటాడు, తిననంటాడు. గుడ్డుని వాయిదాల్లో తినడు. తిండికీ నీళ్లకీ మధ్య గడువు పెట్టుకోడు. ఆపరేషన్‌కి ముందు ఆసుపత్రిలో డైటు చెప్పే అమ్మాయి నన్ను కూర్చోబెట్టి నేర్పింది. కడుపు లేనివాళ్లు కొంచెం కొంచెంగా తినాలి, బాగా నమలాలి, నీళ్లు విడిగా తాగాలి అని నా చేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది కూడా. నీ మొదటి లైను ఆ పాఠాన్ని అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పింది. కింద మెషీను పాడైందన్నావు, కొండచరియలన్నావు, జ్వరమన్నావు. పైన మాత్రం అమ్మకి భయపడ్డావు.

అంటే నీకూ ఉంది. నువ్వు ఎక్కడో ఆసుపత్రిలో పడి ఉంటే నేను ఇక్కడ కూర్చుని తమ్ముడు రాలేదని మూతి ముడుచుకున్నాను. నీ పక్కన ఎవరున్నారు? ఎవరు మంచినీళ్లిచ్చారు? కుట్లు ఎలా ఉన్నాయి? లోపల ఏం కనిపించిందన్నారు? అన్నీ రాయి. తిండిపోతా అని రాయడానికి ఇవాళ చెయ్యి రాలేదు.

అక్క


గనుల క్యాంటీన్,
గురువారం.

అక్కా,

ఇవాళ తిన్నది: రోజంతా కొంచెం కొంచెంగా. అర గుడ్డు, చేప, మెత్తటి రొట్టె, అరటిపండు, మళ్లీ అర గుడ్డు. మధ్యలో ఒకసారి తొందరపడి ఎక్కువ తిని, ముచ్చెమటలు పట్టి, కళ్లు తిరిగి బియ్యం బస్తాల మీద వాలిపోయాను.

దొరికిపోయాను. నువ్వు అయిపోయిందని రాసిన వారంలోనే నా రిజల్టు వచ్చింది. ఉందన్నారు. నీకు చెబితే ఏం జరిగేదో నాకు తెలుసు. పచ్చి గాట్లతో బస్సెక్కేసేదానివి. కీమో మానేసి నా మంచం పక్కన కూర్చునేదానివి. కూర్చునేదాన్ని కాదని అమ్మ మీద ఒట్టేసి చెప్పు చూద్దాం.

కనపడినవన్నీ తిన్నానని రాశాను చూడు, అది ఆసుపత్రిలో చేరబోయే ముందు. కడుపుకి వీడ్కోలు విందు అనుకున్నాను. తమాషాగా మొదలుపెట్టాను కానీ రెండో బెల్లం ముక్క దగ్గర ఏడుపొచ్చింది. పక్కన ఎవరూ లేరు. "మీవాళ్లు?" అని అక్కడ కూడా నర్సు అడిగింది. వస్తున్నారన్నాను. నీ ఉత్తరంలోంచి ఎత్తుకున్న జవాబే.

తీసిన కడుపుని ముక్కముక్కా పరీక్షించారు. గొట్టం వేసి చూసినప్పుడు అద్దంలా ఉంది. లోపల పైపొర కింద మాత్రం అక్కడక్కడా కంటికి ఆననంత చిన్న చుక్కలు మొదలయ్యాయట. నీకొచ్చిందే. ఇంకా గోడ దాటలేదు, ఎక్కడికీ పాకలేదు, కీమో కూడా అక్కర్లేదన్నారు. "కొన్నేళ్లు ఆగి వచ్చుంటే మీతో ఈ మాట అనగలిగేవాణ్ని కాదు" అన్నాడు సర్జను. ఆగి ఉండేవాణ్నే అక్కా. నువ్వు తిట్టి బతికించావు. వంటకేమీ అడ్డం లేదు, నాలుక కడుపులో లేదుగా.

ఇప్పుడు నేను అడుగుతాను. మంచం మీద పడుకుని నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మొదటి లైన్లు మాత్రమే చదివాను. నేను చెంచాడు నీళ్లతో మొదలుపెట్టి అర గుడ్డుకొచ్చాను, వారం వారం పెరుగుతోంది. నీకు నాకంటే ముందే అయింది. నీది నాకంటే పెరిగి ఉండాలి. తగ్గుతోంది.

వాళ్లు నీ కడుపు తీశారా, తీయలేదా? ఈసారి కింద కూడా నిజమే రాయి.

తమ్ముడు


కొట్టు మీది గది,
సోమవారం.

ఒరేయ్ తిండిపోతా,

ఇవాళ తిన్నది: సూప్ ఒక చెంచా. నీ ఉత్తరం చదివాక ఇంకో చెంచా.

తీయలేదు.

కోసే ముందు కెమెరా పెట్టి లోపల చూశారు. కడుపు చుట్టూ ఉండే పొర మీద ఇసుక చల్లినట్టు ఉందట. అప్పటికే బయటికి పాకింది. అంతదూరం వచ్చాక కడుపు తీసినా లాభం లేదు, ఆ కోతనుంచి కోలుకోవడానికే ఉన్న కాలం సరిపోతుంది. మళ్లీ కుట్లేసి మూసేశారు. అయిపోయిందని రాశాను. అబద్ధం రాయలేదనుకుని నన్ను నేను సమాధానపరుచుకున్నాను.

ఆ రోజు డాక్టరమ్మని చెప్పమన్నాను. ఈసారి లేచి రాకుండా విన్నాను. ఎలాగూ లేవలేను. ఇలా పాకాక మందులేవీ వాడకపోతే కొద్ది నెలలు. కీమోకి పట్టు దొరికితే ఏడాది దాకా, కొందరు దాటతారు. పూర్తిగా పోగొట్టడం మాత్రం ఎవరివల్లా కాదు. అయిదేళ్ల మాట ఎత్తితే తల అడ్డంగా ఊపింది. మంచిది, సూటిగా చెప్పింది. మొదటి మందు ఇప్పుడు పని చేయడం మానేసింది. రెండోది ఇస్తున్నారు.

నీకెందుకు చెప్పలేదంటావా? నీ రిజల్టు రావాల్సి ఉంది. అక్కకే ఏమీ చెయ్యలేకపోయారు, నేనెందుకు కోయించుకోవాలి అని మొండికేస్తావని భయపడ్డాను. నీ మొండితనం నాకు కొత్తా?

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కొట్టు తలుపు వేసుకుని గట్టిగా ఏడ్చాను. గడియారాల ఆయన వచ్చి తలుపు బాదాడు. "మా తమ్ముడికి ఏమీ కాదండీ, వాడు బాగున్నాడు" అన్నాను. "అందుకా ఏడుస్తున్నారు?" అని బిత్తరపోయాడు. అందుకే ఏడ్చానురా. నాకు కావాల్సింది నాకు దొరికింది.

రావద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రా. నాకు ఒక్కదాన్నే ఉండాలని లేదు. ఏం తేవాలా అని వెతక్కు, ఏం వండాలా అని బుర్ర పగలగొట్టుకోకు. ఒక గుడ్డు ఉడికిస్తే మనిద్దరికీ సరిపోతుంది. ఇంత తేలిక వంట నీ జన్మలో చేసి ఉండవు.

అక్క


కొట్టు మీది గది,
ఆదివారం.

అక్కా,

మొదటి లైను ఖాళీ వదిలాను. రాయబోతే చెయ్యి ఆగిపోయింది. చివర్లో నింపుతాను, అమ్మ కోప్పడితే నువ్వు సర్దిచెప్పు.

నువ్వు వెళ్లిపోయి వారం దాటింది. ఉత్తరం రాయాలనిపిస్తే ఇంకెవరికి రాయాలో తెలియలేదు. నీ కిటికీ దగ్గర, నీ బల్ల మీదే రాస్తున్నాను. పైన అడ్రసు రాశాక చూసుకున్నాను, ఇన్నాళ్లూ నువ్వు రాసిన అడ్రసు అది.

చలికాలం అంతా ఇక్కడే ఉన్నాను కదా, ఇప్పుడు తలుచుకుంటే అది నా జీవితంలో ఎక్కువ మాట్లాడుకున్న కాలమనిపిస్తోంది. పొద్దున్నే గుడ్డు ఉడికించేవాణ్ని. నీ కుట్టు దారంతో దాన్ని రెండుగా కోసేదానివి. పెద్ద సగం నువ్వు తినంటే నువ్వు తినని రోజూ తగువే. తర్వాత తర్వాత నీ సగంలోంచి గోరంత తిని మిగతాది నా పళ్లెంలోకి తోసేదానివి. ఎదురు చెబితే గుడ్లురిమేదానివి. మధ్యాహ్నం దాన్ని నేను తినేవాణ్ని. నీ కళ్లముందే నేను పెరుగుతున్నాను, నా కళ్లముందే నువ్వు తగ్గుతున్నావు. ఇద్దరికీ తెలుసు.

ఆఖరి రోజుల్లో చెంచా నీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నువ్వు దాన్ని చూశావు, నన్ను చూశావు. నేను చెంచా కింద పెట్టి నీ చెయ్యి పట్టుకున్నాను. ఈసారి నన్నెవరూ గదిలోంచి బయటికి పంపలేదు. ఉన్నాను అక్కా. చివరిదాకా ఉన్నాను.

కత్తుల సంచిలో చిన్న కత్తి గది ఒకటి మిగిలిపోయింది. ఆరె పట్టుకుని నేనే పొడిచి, నేనే కుట్టాను. గడియారాల ఆయన తిప్పి తిప్పి చూసి "ఈ ఒక్కటీ ఎవరు కుట్టారండీ?" అన్నాడు. నీ చేతికి స్పర్శ పోయాక వేసిన కుట్లు కూడా నా కుట్ల పక్కన రాణిస్తున్నాయి. ఆయన చేతితొడుగులు తిరిగి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఉంచండన్నాడు. కొట్టు తాళం ఆయనకే ఇచ్చి రేపు బయల్దేరుతున్నాను. క్యాంటీన్‌లో నా కోసం చూస్తున్నారట, కొత్తవాడి వంట తినలేక.

మొన్న పరీక్ష చేయించుకున్నాను. అంతా బాగుందన్నారు. ఇక నీ వయసు దాటి, చాలా ఏళ్లు దాటి ఉంటానట. ఇంత మంచి కబురు తీసుకుని మెట్లెక్కి తలుపు తీశాను. తీయగానే ముందు ఏం కనిపించిందో నీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇవాళ పొద్దున అలవాటు ప్రకారం గుడ్డు ఉడికించాను. దారంతో రెండుగా కోశాను. నా సగం తిన్నాను. నీ సగం కాసేపు పళ్లెంలోనే ఉంది, చల్లారిపోయింది. అప్పుడు అదీ తిన్నాను. చెమటలు పట్టలేదు, కళ్లు తిరగలేదు, సాఫీగా దిగింది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూర్చుని అంత తినడం ఇదే మొదలు. నువ్వుంటే ఊరంతా చెప్పేదానివి.

ఇదిగో, మొదటి లైను.

ఇవాళ తిన్నది: ఒక గుడ్డు. మొత్తం.

తిండిపోతు